పెట్టె మీద తెలుగు అడిగిన సుమిత్ర గారు

1993 జూలై పన్నెండవ తేదీన అప్పటి ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి తాటిపల్లి సుమిత్ర గారు, మూడు దశాబ్దాలకు పైబడిన నిష్కళంక సేవానంతరం, ఈ 2026 ఫిబ్రవరి ఇరవై ఎనిమిదవ తేదీన భూపాలపల్లిలో పదవీ విరమణ చేస్తున్నారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సిబ్బంది వెలువరిస్తున్న ఈ అభినందన సంచికకు వారి ఉద్యోగ జీవితాన్ని గురించి వ్యాసం రాయవలసిందిగా సంచిక సంఘం వారు నన్ను కోరారు. వారితో చిరకాలం ఒకే కప్పు కింద పనిచేసిన కార్యాలయ పర్యవేక్షకుడిగా ఆ గౌరవాన్ని శిరసావహించాను. అయితే "శుభసందర్భం గనుక మంగళకరంగా రాయండి, పాత గొడవలు వద్దు" అన్న సంఘం వారి సూచనను మాత్రం సవినయంగా తిరస్కరిస్తున్నాను. గొడవలు తీసివేసి సుమిత్ర గారి జీవితం రాయమనడం, వెన్న తీసిన పాలకు చిక్కని పాలని పేరు పెట్టి అమ్మమనడం వంటిది. అటువంటి నేరాలు పట్టుకోవడానికే ప్రభుత్వం మనకు జీతమిచ్చింది.

సుమిత్ర గారు జనగామలో ఒక వర్తక కుటుంబంలో జన్మించారు. తండ్రి కీర్తిశేషులు లక్ష్మీనారాయణ గారు రైల్వే స్టేషన్ దారిలో కిరాణా దుకాణం నడిపేవారు. ఆమె రసాయన శాస్త్రంలో పట్టా పొంది, పోటీ పరీక్షలో నెగ్గి ఈ ఉద్యోగానికి ఎంపికైనప్పుడు బంధువర్గంలో సంతోషించిన వారి కన్నా కలవరపడిన వారే ఎక్కువ. పప్పులు, నూనెలు, కారాలు అమ్ముకొని బతికే కుటుంబాల నడుమ, ఆ పప్పులకూ నూనెలకూ నమూనాలు తీసే ఆడపడుచు ఒకరు పుట్టుకొచ్చారు. లక్ష్మీనారాయణ గారు మాత్రం కూతురితో, "మన దుకాణంకెల్లే మొదలువెట్టు బిడ్డా, మల్ల ఎవ్వడు నోరెత్తడు" అన్నారట. ఆమె అక్షరాలా అదే పని చేశారు.

వారి మేనకోడలి పెళ్లిలో జరిగిన సంగతి నేను కళ్లారా చూసినదే గనుక చెబుతాను. వంటశాల వైపు సుమిత్ర గారు వస్తుండటం చూసి, వంటమేస్త్రీ ఎర్రగా నిగనిగలాడుతున్న జిలేబీల గంగాళం మీద గబుక్కున తడి తువ్వాలు కప్పాడు. ఆమె తమ్ముడు చేతులు జోడించి, "అక్కా, నీ కాళ్లు మొక్కుత, ఇయ్యాల తినుడే, చూసుడు లేదు" అన్నాడు. సుమిత్ర గారు నవ్వి, తువ్వాలు తీసి, ఒక జిలేబీ తిని, "మస్తుగున్నది మేస్త్రీ. రేపు పొద్దున గా రంగు డబ్బా పట్టుకొని మా ఆఫీసుకు రా" అన్నారు. మేస్త్రీ డబ్బాతో వచ్చాడు. ఆమె కేసు రాయలేదు. ఏ రంగు ఎంత వాడవచ్చో, ఏది బట్టలకు వేసే రంగో పక్కన కూర్చోబెట్టుకొని చూపించి పంపారు. ఆ మేస్త్రీ బతికున్నంత కాలం ఆమెను "మా పంతులమ్మ" అనే పిలిచాడు.

వారు ఉద్యోగంలో చేరిన నాటికి అమలులో ఉన్నది 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం. అంతకు ముందు ఒక్కో ప్రాంతానికి ఒక్కో శాసనం ఉండగా, దేశమంతటికీ ఒకే కట్టుబాటు తెచ్చిన ఘనత దానిది. తీసిన నమూనాను మూడు భాగాలు చేసి లక్క ముద్ర వేసేవాళ్లం. పెట్టె మీద అబద్ధం రాసినవాడికి ఆ చట్టంలో జైలు మాట కూడా ఉండేది. 2006లో కొత్త చట్టం వచ్చింది, 2011లో అమలులోకి వచ్చింది. మూడు భాగాలు నాలుగయ్యాయి, ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ఆహార భద్రతా అధికారి అయ్యారు, పెట్టె మీది అబద్ధానికి జైలు పోయి జరిమానా మిగిలింది. 2020లో పెట్టెల మీది రాతలకు ప్రత్యేకంగా కొత్త నిబంధనలు వచ్చాయి. ఇన్ని మార్పుల్లోనూ చెక్కుచెదరకుండా నిలిచిన వాక్యం ఒకటుంది. ఆహార పదార్థాల పెట్టెల మీద తప్పనిసరిగా ఉండవలసిన వివరాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉండాలి; ఇతర భాషలు కావాలంటే అదనంగా వేసుకోవచ్చు. వేసుకోవచ్చు, అంతే. వేయకపోతే అడిగే నాథుడు లేడు.

ఈ వాక్యాన్ని వ్యతిరేకించడమే సుమిత్ర గారు తమ ఉద్యోగ జీవితంలో చేసిన మహాపరాధం. 2001లో శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క తప్పనిసరి చేసినప్పుడు వారు ఎంతో సంతోషించారు. ఒక శిక్షణా తరగతిలో లేచి, "చదువు రాని అవ్వకు సుత అర్థమయ్యేటట్టు చుక్క పెట్టిన్రు, మంచిగున్నది. మరి ప్రాణం మీదికి వచ్చే మాట తెలుగుల ఎందుకు రాయిస్తలేరు సార్?" అని అడిగారు. దేశమంతా ఒకే పెట్టె అమ్ముడవుతుందని, అన్ని భాషలూ ముద్రించడం ఉత్పత్తిదారులకు భారమని ఉపన్యాసకులు సెలవిచ్చారు. "కొనుక్కోండ్రి అనే మాట గోడల నిండ తెలుగుల్నే రాస్తున్నరు గద సార్. జాగ్రత్త అనే మాటకే భారమైతదా?" అన్నారామె. తరగతి అంతా నవ్వింది. ఆ నవ్విన వారిలో కొందరు తర్వాత పెద్ద కుర్చీల్లో కూర్చున్నారు. వారికి ఆ ప్రశ్న గుర్తుండకపోవడంలో నాకు ఆశ్చర్యమేమీ లేదు.

2016లో కొత్త జిల్లాలు ఏర్పడిన పిదప వారు మహబూబాబాద్‌కు వెళ్లారు. వారి పట్టుదల మీద నేను కూడా అక్కడికి బదిలీ చేయించుకున్నాను. ఇక 2024 ఆగస్టులో జరిగినది చెప్పాలి. ఈ సంచికలో చోటు లేదని సంచిక సంఘం వారు భావించినది ఇదే గనుక, వివరంగానే చెబుతాను.

విరేచనాలైన పిల్లలకు నీళ్లలో కలిపి తాగించే ఓఆర్ఎస్ పొడి మనకందరికీ తెలుసు. ఆ మూడు అక్షరాలనే పేరులో ఇముడ్చుకొని, తియ్యటి పండ్ల పానీయాలను రంగురంగుల అట్టపెట్టెల్లో మందుల దుకాణాలకు పంపే వ్యాపారం కొన్నేళ్లుగా సాగుతోంది. 2022లో కేంద్రం ఆ అక్షరాలు వాడరాదన్నది. కొద్ది నెలలకే మెత్తబడి, ఇది వైద్యులు చెప్పే ఓఆర్ఎస్ కాదని పెట్టె మీద ఒక హెచ్చరిక వేస్తే వాడుకోవచ్చునన్నది. ఆ హెచ్చరిక ఏ భాషలో ఉన్నదో నేను వేరే చెప్పనక్కరలేదు.

బయ్యారం దగ్గరి ఒక తండాలో బానోతు రుక్కి, రెడ్యా దంపతుల కుమారుడు అజిత్‌కు, ఏడాది దాటి కొద్ది నెలల వాడికి, వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తల్లి మందుల దుకాణంలో ఓఆర్ఎస్ అడిగి తెచ్చి రెండు రోజులు అదే తాగించింది. మహబూబాబాద్ దవాఖానాకు తెచ్చేసరికే పరిస్థితి చేయి దాటింది; పిల్లవాడు దక్కలేదు. ఆ రోజు విధుల్లో ఉన్న పిల్లల వైద్యుడు డాక్టర్ అరుణ్, తల్లి చేతి సంచిలోని ఖాళీ పెట్టెలు చూసి, నేరుగా సుమిత్ర గారికి ఫోన్ చేశారు.

మేము వెళ్లినప్పుడు ఆయన మమ్మల్ని నడవాలో నిలబెట్టి మెల్లగా చెప్పారు. "మేడమ్, విరేచనాలల్ల ఇంత చక్కెర లోపలికి పోతే, పేగులు ఒంట్లున్న నీళ్లను సుత గుంజుకుంటయి. పిల్లగాడు తాగుతున్నడని తల్లికి ధైర్యం. లోపల వాడు ఎండిపోతనే ఉంటడు. నేను సర్టిఫికెట్ల అతిసారం అనే రాయాలె. గీ పెట్టె పేరు రాసే గడి అండ్ల లేదు."

తండాలో రుక్కి మా ఎదుట ఏడవలేదు. గోడకు ఆనుకొని కూర్చొని, అడిగినదానికి సమాధానం చెప్పింది.

"ఓఆర్ఎస్ ఇయ్యి అన్నా అంటే, గిది మంచిగుంటది, పిల్లగాడు కక్కకుంట తాగుతడు అని ఇచ్చిండు. తియ్యగున్నది. ఇష్టంగ తాగిండు అమ్మా. అడిగినప్పుడల్ల పోసిన. ఇంక మంచిగైతడనుకున్న."

"పెట్టె మీద రాసింది చూసినవా బిడ్డా?" అని సుమిత్ర గారు అడిగారు.

"చూసిన. ఓఆర్ఎస్ అని పెద్దగున్నది. టీవీల, దవాఖాన గోడల మీద, అందరు గదే గద చెప్తరు. కింద సన్నగ చీమల లెక్క ఇంగ్లీషుల ఏదో ఉన్నది. గది ఎవలు చదువుతరు?"

బయ్యారంలో మందుల దుకాణం వెంకన్న, సుమిత్ర గారు పిల్లవాడి పేరు చెప్పగానే అరలోంచి ఆ పెట్టె తీసి ముందు పెట్టాడు. "నాకు ఎరికలేదు మేడమ్. పొడి ప్యాకెట్ కన్న గిది మంచిదని కంపెనీ పిలగాడు చెప్పిపోయిండు. మా మనుమరాలికి సుత గిదే తాగిచ్చిన." ఆమె అక్కడే నమూనా తీశారు. ప్రయోగశాల నివేదిక వచ్చింది. ప్రకటించినవన్నీ ప్రకటించిన పాళ్లలోనే ఉన్నాయి, కల్తీ లేదు, ప్రమాణాలకు అనుగుణంగా ఉంది. కల్తీని పట్టుకోవడం ముప్పై ఏళ్లుగా నేర్చిన మనిషికి, కల్తీ లేకుండానే ఒక పిల్లవాడు పోవచ్చునని ప్రభుత్వ ముద్రతో వచ్చిన సమాధానమది.

అయినా తప్పుదోవ పట్టించే పేరు అనే అభియోగం మీద ఆమె కేసు పెట్టారు. విచారణకు హైదరాబాద్ నుంచి కంపెనీ న్యాయవాది వచ్చారు. చట్టం కోరిన హెచ్చరిక, చట్టం కోరిన భాషలో, చట్టం కోరిన పరిమాణంలో ఉన్నదని వారు నిరూపించారు. అంతటితో ఆగినా సరిపోయేది. "నిరక్షరాస్యులైన వినియోగదారుల అజ్ఞానానికి మా కక్షిదారులు బాధ్యులు కారు. దుకాణదారు తప్పుగా అమ్మి ఉంటే ఆయన మీద చర్య తీసుకోండి, మాకు అభ్యంతరం లేదు" అన్నారు.

సాక్షిగా వచ్చిన రుక్కి లేచి నిలబడింది. ఎవరూ ఆమెను పిలవలేదు.

"ఎవలకు చదువు రాదంటున్నడు సార్ గాయన? నేను పదో తరగతి పాసైన. తెలుగుల రాయమనుండ్రి, గిక్కడ్నే చదివి చూపిస్త. మీరు రాసుడే నాకొచ్చిన భాషల రాయకపోతిరి. నాకు చదువు రాదంటె ఎట్ల?"

వెంకన్న కూడా లేచాడు. "నా మీద ఏం ఏసినా కడ్త సార్. నేను అమ్మిన, నాది తప్పే. కని నేనొక్కన్ని కడ్తె గా పెట్టెలు ఆగుతయా?"

విచారణాధికారి సహృదయులు. కళ్లద్దాలు పెట్టుకొని, నిబంధన మళ్లీ చదివారు. "అమ్మా, నువ్వు అడిగేది న్యాయమే. నా ముందున్న చట్టంలో అది లేదు" అని కేసు కొట్టివేశారు. న్యాయమని ఒప్పుకొని కొట్టివేయడం కన్నా, అన్యాయమని తిట్టి కొట్టివేసినా నాకు ఇంత కోపం వచ్చేది కాదేమో.

బయట జీపు దగ్గర నేను ఓదార్పు మాట వెతుక్కుంటుండగా సుమిత్ర గారు అడిగిన ప్రశ్న వేరు. "భూపాల్ గారూ, గట్టి అట్టముక్కలు ఏడ దొరుకుతయి?"

వెంకన్న దుకాణంలోనే మొదలుపెట్టారు. "ఇది విరేచనాలకు తాగించే ఓఆర్ఎస్ కాదు" అని అట్ట మీద పెద్ద అక్షరాలతో వెంకన్నే రాసి, ఆ పెట్టెలున్న అర ముందు వేలాడదీశాడు. చూస్తుండగానే బయ్యారంలోనూ, గూడూరులోనూ, మహబూబాబాద్‌లోనూ మందుల దుకాణాల్లో ఆ అట్టలు వెలిశాయి. ఒక్క దుకాణదారునూ ఆమె బెదిరించలేదు. రుక్కి కొడుకు సంగతి చెప్పేవారు, అంతే. ఆ పెట్టెలు అరల్లోనే మిగిలిపోసాగాయి.

అప్పుడు కదిలింది యంత్రాంగం. పిల్లవాడు పోయినప్పుడు కదలనిది, అమ్మకం తగ్గినప్పుడు కదిలింది. చట్టంలో లేని షరతులు విధించి వ్యాపారానికి నష్టం కలిగిస్తున్నారని ఫిర్యాదు పోయింది. ఏ నిబంధన కింద ఆ అట్టలు పెట్టించారో వివరించవలసిందిగా సుమిత్ర గారికి మెమో వచ్చింది. ఆమె ఇచ్చిన సంజాయిషీని నేనే టైపు చేశాను. "నిబంధన ఏదీ లేదు. లేనందువల్లనే పెట్టించాను." అంతకు మించి ఒక్క మాట చేర్చడానికి ఒప్పుకోలేదు. సంక్రాంతి లోపే వారికి భూపాలపల్లి బదిలీ ఉత్తర్వు చేరింది. అట్టలన్నీ తీసివేయించారు. భర్త రమాకాంత్ గారికి గుండె శస్త్రచికిత్స జరిగి జనగామ ఇంట్లో ఉన్న సమయమది. విరమణకు ఏడాది మిగిలిన ఉద్యోగిని మూడు జిల్లాల్లో అతి దూరపు మూలకు పంపడంలోని పరిపాలనా సౌలభ్యమేమిటో, ఈ సంచిక చదివే పెద్దలలో ఎవరైనా నాకు బోధపరిస్తే కృతజ్ఞుడిని. ఆమె బస్టాండు పక్కన ఒక గది అద్దెకు తీసుకొని, వారానికొకసారి ఇంటికి వెళ్లివస్తూ, గని కార్మికుల వాడల్లోనూ ఆశ్రమ పాఠశాలల వంటశాలల్లోనూ ఎప్పటిలాగే తమ పని చేశారు. ఒక్కనాడూ సెలవు చీటీలో సైతం నిరసన రాయలేదు.

2025 అక్టోబరులో కేంద్రం ఆ పాత అనుమతిని రద్దు చేసి, ఓఆర్ఎస్ అన్న అక్షరాలు ఏ పానీయం పేరులోనూ ఉండరాదని ఆదేశించింది. సుమిత్ర గారు అడిగినందుకు శిక్షించిన విషయమే, అడగని వారందరికీ విజయోత్సవమైంది. తనిఖీలు, కుప్పపోసిన పెట్టెలు, వాటి ముందు నిలబడి ఫొటోలు. భూపాలపల్లిలో కూడా ఫొటో తీయబోతూ కార్యాలయ కుర్రాళ్లు, "మేడమ్, మధ్యల నిలబడుండ్రి" అన్నారు. "మీరు దిగుండ్రి. నాకు బయ్యారంల పనున్నది" అని ఆమె సెలవు పెట్టారు. ఆ మర్నాడు నేను వెంట వెళ్లాను.

రుక్కి కూలికి పత్తి ఏరుతోంది. ఒడిలో పత్తితోనే గట్టు మీదికి వచ్చింది. సుమిత్ర గారు ఆదేశం సంగతి చెప్పారు.

"వెంకన్న చెప్పిండు," అన్నది రుక్కి. "గా పేరు తీసేసిన్రట. అదే రంగు, అదే తీపి, కొత్త పేరుతోని మల్ల వస్తదంటున్నడు. నిజమేనా అమ్మా?"

"రావచ్చు."

"గప్పుడన్న జాగ్రత్త మాట తెలుగుల రాస్తరా?"

"రాయరు బిడ్డా. గా నిబంధన మారలె."

"అయితే ఏం మారింది?"

ముప్పై రెండేళ్లు న్యాయవాదులకూ, వర్తకులకూ, పై అధికారులకూ తడుముకోకుండా సమాధానం చెప్పిన సుమిత్ర గారు ఆ గట్టు మీద తల దించుకున్నారు. ఆమె తల దించుకోగా నేను చూసినది అదొక్కసారే. దించుకోవలసిన తలలు వేరే ఉన్నాయి. అవి ఆ సమయానికి ఫొటోల్లో నిటారుగా ఉన్నాయి.

రుక్కి ఒడిలోని పత్తిని సంచిలోకి వంచుకొని, "మల్ల కేసేద్దాం. ఈసారి కంపెనీ మీద గాదు, గా నిబంధన మీద" అన్నది.

సుమిత్ర గారు తలెత్తారు. "నేను సర్కారు మనిషిని. సర్కారు నిబంధన మీద నన్ను కేసెయ్యనియ్యరు. ఫిబ్రవరి దాక ఆగుతవా?"

"ఆగుత."

కనుక సహోద్యోగులారా, సుమిత్ర గారి కుటుంబ సభ్యులారా, విరమణానంతరం వారు మనుమరాలు అక్షరతో ఆడుకుంటూ విశ్రాంత జీవితం గడుపుతారని ఈ సంచికలోని ఇతర వ్యాసాలు పలికితే, అందులో సగమే నిజమని గ్రహించగలరు. మార్చి రెండవ తేదీ సోమవారం నాడు, ఆహార పదార్థాల పెట్టెల మీద, ఏ రాష్ట్రంలో అమ్మితే ఆ రాష్ట్రపు భాష తప్పనిసరి చేయాలని కోరుతూ హైకోర్టులో వ్యాజ్యం దాఖలు కానున్నది. మొదటి పిటిషనర్ బానోతు రుక్కి, తండా నివాసి, వ్యవసాయ కూలి. రెండవ పిటిషనర్ తాటిపల్లి సుమిత్ర, విశ్రాంత ఉద్యోగి. ఆమెను బదిలీ చేసిన వ్యవస్థే వేదిక మీద ఆమెకు శాలువా కప్పబోతోంది. కప్పించుకుంటారు, మర్యాద తెలిసిన మనిషి. ఆ శాలువాతో ఆ కోపం చల్లారుతుందని మాత్రం ఎవరూ భ్రమపడవలదు.

శ్రీమతి సుమిత్ర గారికి భగవంతుడు సంపూర్ణ ఆరోగ్యాన్ని, తరగని ఓపికను, ఇప్పుడున్న ఈ కోపాన్ని ఇలాగే ప్రసాదించుగాక. అందరిలా నిండు నూరేళ్లని దీవించి ఊరుకోలేను. మన దేశంలో ఒక వ్యాజ్యం తేలడానికి ఎంత కాలం పడుతుందో చూస్తూ కార్యాలయంలో నెరిసిన తల నాది. అందుచేత వారికి దీర్ఘాయుష్షు కాదు, మిక్కిలి దీర్ఘాయుష్షు కావాలని, ఆ తీర్పు వెలువడే నాడు రుక్కి పక్కన నిలబడి దానిని తెలుగులో చదివే దాకా వారి కంటిచూపు తగ్గకూడదని, మనసారా, కోపసారా కోరుకుంటున్నాను.

– భూపాల్,
కార్యాలయ పర్యవేక్షకుడు